ఇసుకదిబ్బల యంచున కణేకల్లు

ఎడారి యనగానే సోదరీమణులకు అరేబియాయో, జైసల్మేరో జ్ఞప్తికి వచ్చును. బషీర్‌బాగున గూర్చుండి నేనును అట్లే తలచుచుంటిని. అనంతపురము జిల్లా కణేకల్లును జూచిన పిదప నా తలపు మారినది.

తుంగభద్ర యెగువకాలువ నీటితో నిండు పెద్ద చెరువు, దాని క్రింద పచ్చని వరిమళ్లు. అచ్చటినుండి బొమ్మనహాళు మీదుగా దర్గాహొన్నూరునకు పోయితిమి. అచ్చట నెటుజూచినను ఇసుకదిబ్బలే! వేదవతిని ఆ ప్రాంతమువారు హగరి యందురు. ఎగువన కర్ణాటకమున 1907లో వాణీవిలాస సాగరమును, తరువాత నీ జిల్లాలోనే భైరవానితిప్ప జలాశయమును వెలసినవి. వానలును అంతంతమాత్రమే. నీరు పారుట అరుదైన యా యేటి యిసుకను ఆషాఢమాసపు పడమటిగాలి యెత్తి చేలపై బోయుచున్నది.

ఒక అవ్వ మాకు మజ్జిగ యిచ్చి, "ఈ దిబ్బ కిందనే మా చేనుండేది తల్లీ" అని చూపినది. ఏటేట ఇసుక యెత్తించుటకు కూలి యిచ్చుకొనలేక విడిచిరట. గాలిదినములలో కుండకు మూతవేసినను అన్నమున ఇసుక పంటికి తగులునట. వంటయింటి కష్టము మనకు వేఱుగ జెప్పవలెనా?

చెట్లు వేళ్లూనినచోట ఇసుక కదలదు. లేతమొక్కలను మేకలనుండి కాచుటయే కష్టము. అవ్వ కోడలు మిగిలిన చేనిగట్టున కానుగమొక్కలు నాటి, కడవతో నీరు మోసి పోయుచుండెను. నాటినవి పది, మేము చూచునాటికి నాలుగు బ్రతికియున్నవి.