స్టార్‌ ప్లేయర్‌ను ఎప్పుడు కొనాలి? తెలుగు టైటాన్స్‌కు అర్థమైన లెక్క ఇదే!

జట్టు కట్టేటప్పుడు స్టార్‌ను ముందే పట్టేయాలా? లేక మిగతా టీమ్‌ సెట్‌ చేసుకున్నాక చూడాలా? ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ఊళ్లలో కబడ్డీ టీమ్‌ కట్టే కుర్రాళ్ల నుంచి అమెరికాలో ఫాంటసీ ఫుట్‌బాల్ ఆడే మనోళ్ల దాకా అందరిదీ ఇదే డౌట్‌.

సగం డబ్బు ఒక్కడికే..

2023 అక్టోబర్‌లో జరిగిన ప్రొ కబడ్డీ 10వ సీజన్‌ వేలంలో ఒక్కో జట్టు పర్సు రూ.5 కోట్లు. అందులో రూ.2.605 కోట్లు పెట్టి రైడర్‌ పవన్‌ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్స్‌ దక్కించుకుంది. అంటే సగానికి పైనే! కట్‌ చేస్తే.. 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. 12 జట్లలో ఆఖరి స్థానం.

తేడా ఎక్కడ కొట్టింది?

కబడ్డీలో స్టార్‌ రైడర్‌ దొరికిపోతే బయట కూర్చోవాల్సిందే. తోటివాళ్లు పాయింట్‌ తెస్తేనే మళ్లీ లోపలికి వస్తాడు. రెండో రైడర్, డిఫెన్స్‌ బలంగా లేకపోతే కోట్ల ఆటగాడు కూడా బెంచ్‌ మీదే!

అదే వేలంలో పుణెరి పల్టన్‌ రూ.2.35 కోట్లకు ఇరాన్‌ ఆటగాడు షాద్లూయిని కొంది. కానీ అస్లాం ఇనాందార్, మోహిత్‌ గోయత్‌ లాంటి కుర్రాళ్లు ఆ జట్టులో అప్పటికే ఉన్నారు. 2024 మార్చి 1న హైదరాబాద్‌లో టైటిల్‌ కొట్టింది. తప్పు స్టార్‌ను కొనడంలో లేదన్నమాట.

తర్వాతి సీజన్‌కు పవన్‌ను టైటాన్స్‌ రూ.1.725 కోట్లకే నిలుపుకుంది. మిగిలిన డబ్బు మిగతా జట్టుకు పనికొచ్చింది. ఆ సీజన్‌లో 12 విజయాలు!

క్వార్టర్‌బ్యాక్‌ లెక్కా ఇంతే

ఫాంటసీ ఫుట్‌బాల్‌లో ఎక్కువ పాయింట్లు తెచ్చేది సాధారణంగా క్వార్టర్‌బ్యాకే. అయినా చాలామంది అతన్ని ఆలస్యంగా తీసుకుంటారు. ఎందుకంటే 12 మంది ఆడే లీగ్‌లో ఒక్కొక్కరికి ఒక్కడు చాలు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు మాత్రం 32. కాస్త ఆగినా పనికొచ్చేవాడు దొరుకుతాడు. మంచి రన్నింగ్‌ బ్యాక్‌లు మాత్రం త్వరగా అయిపోతారు. అదే ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను ఆడించే లీగ్‌ అయితే సీన్‌ రివర్స్‌. 24 మంది కావాలి కాబట్టి మొదట్లోనే పట్టేయాలి.

సో.. పేరు చూసి తొందరపడొద్దు. ‘ఇతన్ని వదిలేస్తే తర్వాత దొరికేవాడికీ, ఇతనికీ తేడా ఎంత?’ అన్నది చూడాలి. తేడా ఎక్కువుంటే ముందే కొనాలి. తక్కువైతే ఆగాలి. కొన్నాక మిగతావాళ్లకు డబ్బు మిగులుతుందా అన్నదీ చూసుకోవాలి.