ఊహాలోక వీరుల శక్తులకు యజమాని ఎవరు?

నలుగురైదుగురు మిత్రులు బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసుకుంటూ, తమను తాము యోధులుగా, మాంత్రికులుగా ఊహించుకుని కథ నడుపుకునే ఒక వినోదం అమెరికాలో యాభై సంవత్సరాలకు పైగా కొనసాగుతున్నది. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆ ఆటకు గళ్ల బోర్డు తప్పనిసరి కాదు. చివరకు ఎవరు గెలిచారన్న లెక్కా లేదు. ఉన్నదల్లా నియమాల పుస్తకం. యోధుడు ఒక దఫాలో ఎన్ని దెబ్బలు వేయవచ్చు, మాంత్రికుడు రోజుకు ఎన్ని మంత్రాలు ప్రయోగించవచ్చు అని చెప్పే ఆ పుస్తకమే ఈ వ్యాపారంలో అసలు సరుకు. ఆ నియమాలపై హక్కు ఎవరిదన్న ప్రశ్న 2023 జనవరిలో తలెత్తినప్పుడు, ఒక పెద్ద కంపెనీ సుమారు మూడు వారాల్లోనే తన వినియోగదారుల ముందు తల వంచవలసి వచ్చింది. రచయితలకు, ప్రచురణకర్తలకు, లైసెన్సుపై సంతకం చేసే ఎవరికైనా ఆ ఉదంతం పరిశీలించదగినది.

పాచికల నుంచి ఎంపికకు

విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా పట్టణవాసి గ్యారీ గైగాక్స్, మినెసోటా రాష్ట్రానికి చెందిన డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో వెలువడింది. గైగాక్స్ భాగస్వామిగా ఏర్పడిన టీఎస్ఆర్ సంస్థ తొలి విడతలో అచ్చువేసినవి 1,000 ప్రతులు మాత్రమే. మూడు చిన్న పుస్తకాలు గల పెట్టె వెల 10 డాలర్లు. ఆటగాళ్లు 'క్లాస్' అని పిలిచే వృత్తులు అందులో మూడే: యోధుడు, మాంత్రికుడు, పూజారి. దొంగ, 'పాలడిన్' అనే ధర్మయోధుడు 1975 నాటి అనుబంధ గ్రంథంతో వచ్చి చేరారు.

ప్రతి పాత్రకూ ఆరు గుణాలుంటాయి. బలం, తెలివి, వివేకం, చురుకుదనం, దేహదారుఢ్యం, ఆకర్షణ. తొలినాళ్లలో మూడు పాచికలు వేసి, పడిన మొత్తాన్నే ఒక్కొక్క గుణానికి రాసుకునేవారు. మూడింటా ఆరు పడి 18 రావడానికి గల అవకాశం 216లో ఒక్కటి. ధర్మయోధుడు కావాలంటే ఆకర్షణ 17కు తగ్గరాదు. అది 54 మందిలో ఒక్కరికి దక్కే అదృష్టం. 2014లో వచ్చిన ఐదవ కూర్పులోనైతే పాచికలు వేయకుండానే 15, 14, 13, 12, 10, 8 అనే అంకెలను ఆటగాడు తనకు నచ్చిన గుణాలకు పంచుకోవచ్చు. వృత్తుల సంఖ్య 12కు పెరిగింది. క్రమంగా అదృష్టం స్థానాన్ని ఎంపిక ఆక్రమించింది. ఎంపికకు చోటున్న ప్రతిచోటా అమ్మకానికీ చోటుంటుందని వ్యాపారులకు వేరే చెప్పనక్కరలేదు.

శక్తుల తూకం

ఈ వృత్తుల శక్తులు ఇష్టం వచ్చినట్లు రాసినవి కావు. ఐదవ కూర్పులో ప్రతి వృత్తికీ ఇరవై మెట్లున్నాయి. యోధుడు ఐదవ మెట్టున ఒక దఫాలో రెండు దెబ్బలు, పదకొండవ మెట్టున మూడు, ఇరవయ్యవ మెట్టున నాలుగు దెబ్బలు వేయగలడు. ఎంతసేపు పోరాడినా ఆ శక్తి తరగదు. మాంత్రికుడు ఐదవ మెట్టున అగ్నిగోళ మంత్రాన్ని సాధిస్తాడు. ఎనిమిది పాచికలు, అంటే సగటున 28 పాయింట్ల నష్టాన్ని అది ఒకేసారి పలువురు శత్రువులకు కలిగించగలదు. కాని ఆ మెట్టున రోజుకు రెండు మూడు పర్యాయాలకు మించి ఆ మంత్రం పారదు. దొంగ అదను చూసి కొట్టే దెబ్బకు మొదటి మెట్టున ఒక పాచిక అదనంగా చేరుతుంది, పంతొమ్మిదవ మెట్టుకు అది పది పాచికలవుతుంది. అయితే పరిస్థితి అనుకూలించాలి, లేదా శత్రువు పక్కన తన సహచరుడు ఉండాలి.

ఒకరిది నిలకడ, మరొకరిది మెరుపు, ఇంకొకరిది అదను. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఏ ఒక్కరూ తమకు పనిలేదని భావించకుండా చూడడమే ఈ తూకం పరమార్థం. కొత్త శక్తిని ఊహించడం సులువే. అది ఇరవై మెట్లలోనూ తక్కిన వృత్తులతో తూగేలా చూడడం మాత్రం పదే పదే ఆడి చూస్తేగాని తేలని పని. ఆ శ్రమకు ప్రతిఫలం ఎవరికి చెందాలన్నదే ఇక్కడి వివాదానికి మూలం.

అమ్ముడుపోయేది ఎవరికి?

ఈ ఆటలో ఒకరు 'డంజన్ మాస్టర్'గా కథ నడుపుతారు, తక్కినవారు ఒక్కొక్క పాత్రను పోషిస్తారు. కథల సంపుటాలు, భూతప్రేతాల జాబితాలు కొనేది సాధారణంగా ఆ ఒక్కరే. కొత్త వృత్తులు, కొత్త శక్తులు ఉన్న పుస్తకమైతే అందరికీ అమ్ముకోవచ్చు. 1989లో యోధుల కోసం ప్రత్యేక గ్రంథం వెలువరించినా, 2017లో, 2020లో ఐదవ కూర్పుకు అనుబంధ సంపుటాలు తెచ్చినా ఈ లెక్కే పనిచేసింది. ఆటగాళ్లలో డంజన్ మాస్టర్లు సుమారు 20 శాతమే అయినా ఖర్చులో అత్యధిక భాగం వారిదేనని, ఈ బ్రాండు నుంచి రావలసినంత ఆదాయం రావడం లేదని కంపెనీ అధ్యక్షురాలు సింథియా విలియమ్స్ 2022 డిసెంబరులో మదుపుదారుల సమక్షంలో పేర్కొనడం గమనార్హం.

ఈ విధానంలో ఒక చిక్కు లేకపోలేదు. కొత్త శక్తి పాతదానికన్నా కొంచెమైనా మెరుగ్గా కనిపించకపోతే కొత్త పుస్తకం కొనేవారుండరు. మెరుగ్గా ఉంటే పాత పుస్తకం విలువ పడిపోతుంది. కొత్తనీరు వచ్చి పాతనీటిని నెట్టివేసినట్లు పుస్తకాలు ఒకదానినొకటి నెట్టివేస్తాయి. చివరకు తూకం చెడిపోయి కొత్త కూర్పు అనివార్యమవుతుంది.

హాబిట్‌కు ఒక న్యాయం, రాక్షసుడికి ఒక న్యాయం

ఎవరి సృష్టి ఎవరి సొత్తు అన్న తగాదా ఈ ఆటకు కొత్తది కాదు. తొలి కూర్పులో ఆటగాళ్లు 'హాబిట్' జాతి పాత్రను ఎంచుకునే వీలుండేది. టోల్కీన్ రచనలకు సంబంధించిన హక్కుదారులు అభ్యంతరం చెప్పడంతో ఆ పేరు తొలగించి 'హాఫ్‌లింగ్' అని మార్చవలసి వచ్చింది. ఆట సృష్టికర్తల మధ్య కూడా పొరపొచ్చాలు తప్పలేదు. తనకు రావలసిన రాయల్టీ కోసం ఆర్నెసన్ 1979లో కోర్టుకెక్కగా, 1981లో రాజీ కుదిరింది.

హాబిట్ వెళ్లిపోయినా, మన పురాణాల రాక్షసుడు 1970వ దశకం నుంచి నేటి వరకు ఆ పుస్తకాల్లో నిలిచే ఉన్నాడు. కామరూప విద్య మన కథలలోనిదే. పులి తల మాత్రం అక్కడ కొత్తగా మొలిచింది. రాక్షసుడి గురించి అభ్యంతరం చెప్పే యజమాని ఎవరూ లేరు. ఉత్తర ఐరోపా జానపద గాథల నుంచి వచ్చిన ఎల్ఫులు, మరుగుజ్జులు కూడా అలాగే నిలిచారు. తరతరాల ఉమ్మడి సంపద అందరిదీ, ఒక రచయిత కొత్తగా కల్పించిన పేరు అతడిది అన్న విభజన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. కాగా, కోల్‌కతాలో జన్మించిన రచయిత్రి మిమీ మండల్ బెంగాల్ ఛాయలున్న ఒక సాహసగాథను ఇదే ఆటకు రాయగా, అది 2022లో అధికారిక సంపుటంలో వెలువడింది. అరువు పోయిన సంపదను ఇక్కడివారే తమ కలంతో తిరిగి చెప్పుకునే అవకాశం ఆ విధంగా కలిగింది.

చిన్న ప్రచురణకర్తలకు తలుపు తెరిచిన 2000

అప్పుల్లో కూరుకుపోయిన టీఎస్ఆర్ సంస్థను 1997లో 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' కొనుగోలు చేసింది. దానిని 1999లో బొమ్మల తయారీ దిగ్గజం హాస్‌బ్రో సొంతం చేసుకుంది. మరుసటి సంవత్సరమే, రయాన్ డాన్సీ చొరవతో, మూడవ కూర్పు మూల నియమాలను ఎవరైనా వాడుకోవచ్చునంటూ కంపెనీ ఒక బహిరంగ లైసెన్సును ప్రకటించింది. రాయల్టీ లేదు. వృత్తులు, శక్తులు, మంత్రాలు అన్నీ అందులో ఉన్నాయి. పాత్ర గుణాలను నిర్ణయించే పద్ధతి, మెట్లు ఎక్కే లెక్క మాత్రం చేర్చలేదు. వాటికోసం కంపెనీ పుస్తకం కొనవలసిందే. ఇతరులు ఎన్ని అనుబంధాలు రాస్తే మూలగ్రంథం అంతగా అమ్ముడవుతుందన్నది ఈ ఔదార్యం వెనుక ఉన్న వ్యూహం.

ఆ తలుపు గుండా అనేక చిన్న సంస్థలు, ఒంటరి రచయితలు ప్రవేశించి, కొత్త వృత్తులను సృష్టించి జీవనోపాధి పొందారు. 2008లో కంపెనీ నాలుగవ కూర్పును మరింత కఠినమైన లైసెన్సుతో తేగా, పైజో అనే సంస్థ పాత లైసెన్సునే ఆధారం చేసుకుని 2009లో 'పాత్‌ఫైండర్' అనే పోటీ ఆటను నిలబెట్టింది. తాను ఇచ్చిన అనుమతే తనకు పోటీని తెచ్చిపెట్టిందన్న సంగతి కంపెనీకి అప్పుడే తెలిసివచ్చింది. అయినప్పటికీ 2016లో ఐదవ కూర్పు నియమాలను మళ్లీ పాత లైసెన్సు కిందనే విడుదల చేసింది.

ఒక్క మాట లోపం

2023 జనవరి మొదటి వారంలో కొత్త లైసెన్సు ముసాయిదా ఒకటి పత్రికలకు పొక్కింది. పాత లైసెన్సు ఇకపై అధీకృతం కాదని, 50,000 డాలర్లకు మించి ఆదాయం గలవారు లెక్కలు సమర్పించాలని, 7,50,000 డాలర్లు దాటిన ఆదాయంపై 25 శాతం వరకు రాయల్టీ చెల్లించాలని అందులో ఉంది. ఇరవై సంవత్సరాలుగా ఆ లైసెన్సును నమ్ముకున్నవారికి ఇది పిడుగుపాటయింది. పాత పత్రంలో అనుమతి 'శాశ్వతం' అన్న మాట ఉంది. 'రద్దుకు వీలులేనిది' అన్న మాట లేదు. ఆ ఒక్క లోపం చుట్టూనే న్యాయవాదుల వాదోపవాదాలు సాగాయి.

అయితే వ్యవహారం కోర్టు గుమ్మం ఎక్కలేదు. కంపెనీ 2022లో 14 కోట్ల 63 లక్షల డాలర్లకు కొనుగోలు చేసిన డిజిటల్ సేవకు ఆటగాళ్లు పెద్దయెత్తున చందాలు రద్దు చేసుకోసాగారు. జనవరి 12న పైజో సంస్థ ఎవరి గుత్తాధిపత్యంలోనూ ఉండని మరో లైసెన్సును రూపొందిస్తామని ప్రకటించింది. సవరించిన ముసాయిదాపై కంపెనీ స్వయంగా జరిపిన అభిప్రాయ సేకరణలో 15,000 మందికి పైగా పాల్గొన్నారు. పాత లైసెన్సు రద్దుపై అసంతృప్తి తెలిపినవారు 89 శాతం. చివరకు జనవరి 27న కంపెనీ పాత లైసెన్సు జోలికి పోనని ప్రకటించింది. అంతేకాక, ఐదవ కూర్పు మూల నియమాలను 'క్రియేటివ్ కామన్స్' కింద విడుదల చేసింది. రద్దుకు వీలులేదన్న మాట ఆ లైసెన్సులో స్పష్టంగా ఉన్నది.

చట్టం గీసిన గీత

నిజానికి నియమం అనేది ఎవరి సొత్తూ కాదు. అమెరికా కాపీరైట్ చట్టం భావాలకు, పద్ధతులకు, విధానాలకు రక్షణ ఇవ్వదు. వాటిని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ. 1879లో పద్దుల పుస్తకానికి సంబంధించిన ఒక కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని నిలబెట్టింది. మన సుప్రీంకోర్టు సైతం 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో, ఒక నాటకానికీ సినిమాకూ మధ్య తలెత్తిన వివాదాన్ని పరిష్కరిస్తూ, భావానికి గాని ఇతివృత్తానికి గాని కాపీరైట్ ఉండదని తేల్చిచెప్పింది. ఆ లెక్కన యోధుడు రెండు దెబ్బలు వేయవచ్చునన్న నియమం అందరిదీ. ఆ నియమాన్ని వివరించిన వాక్యాలు, దానికి గీసిన బొమ్మ మాత్రం రచయితవి, చిత్రకారుడివి.

గీత ఇంత స్పష్టంగా ఉన్నట్లు కనిపించినా, ఆచరణలో అది ఎక్కడ పడుతుందో కోర్టు చెప్పేవరకు తెలియదు. కోర్టుకు వెళ్లే స్తోమత పెద్ద కంపెనీకి ఉంటుంది, ఇంట్లో కూర్చుని ఒక కొత్త వృత్తిని రాసుకునే రచయితకు ఉండదు. లైసెన్సు ఇచ్చేది ఆ ధీమానే. పైజో 2023 చివరలో తన పుస్తకాలను సంస్కరించి, పాత పేర్లను మార్చుకుని, పాత లైసెన్సు నీడ నుంచి బయటకు వచ్చింది. ఒకసారి సడలిన నమ్మకం అంత తేలికగా తిరిగి రాదనడానికి ఇది నిదర్శనం.

2024 సెప్టెంబరులో వెలువడిన సవరించిన ఆటగాళ్ల గ్రంథంలో 12 వృత్తులు, ఒక్కొక్కదానికి నాలుగు శాఖల చొప్పున 48 మార్గాలు ఉన్నాయి. దాని మూల నియమాలను సైతం కంపెనీ 2025లో క్రియేటివ్ కామన్స్ కిందనే విడుదల చేసింది. కంపెనీ వ్యాపారం ఆగలేదు, చిన్న రచయితల కలమూ ఆగలేదు. ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకునే హక్కు తనకున్నదని కంపెనీ భావించి ఉండవచ్చు. ఆ హక్కును వాడుకుంటే మిగిలే వినియోగదారులు ఎందరన్నది మాత్రం మూడు వారాల్లోనే తేలిపోయింది.