మన భూమికి ధర తేల్చే మధ్యవర్తి ఎవరి మనిషి?

ఊళ్లో తగువు వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు. వాళ్లను ఎవరు పిలిచారన్న దాన్నిబట్టే సగం తీర్పు తేలిపోతుందని మన పేటల్లో అందరికీ తెలుసు. చట్టం చెప్పే ఆర్బిట్రేషన్‌లోనూ మొదట అడగాల్సింది అదే: మధ్యవర్తిని ఎంచుకునేది ఎవరు?

టెక్కలి, పలాసల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి పోతోంది. దాని పక్కన పది సెంట్లున్న వాళ్లకైనా ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకావచ్చు.

మామూలు పద్ధతి

1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తిని ఇరుపక్షాలూ కలిసి ఎంచుకోవాలి. ముగ్గురు కావాలనుకుంటే చెరొకరిని పెట్టుకుంటారు, ఆ ఇద్దరూ కలిసి మూడో వ్యక్తిని ఎన్నుకుంటారు. 30 రోజుల్లో కుదరకపోతే సెక్షన్ 11 కింద హైకోర్టును అడగవచ్చు. ఒక పక్షం ఉద్యోగి మధ్యవర్తిగా ఉండకూడదని 2015 సవరణ చెప్పింది. ఏకైక మధ్యవర్తిని ఒక పక్షమే నియమించడం సమానత్వానికి విరుద్ధమని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

రోడ్డు భూమికి వేరే దారి

అయితే ఇదంతా ఒప్పందం రాసుకున్న వాళ్ల సంగతి. రోడ్డుకు భూమి పోయినవాడు ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు. 1956 జాతీయ రహదారుల చట్టం సెక్షన్ 3జి ప్రకారం మొదట పరిహారం నిర్ణయించేది కేంద్రం అధికారమిచ్చిన అధికారి. అది చాలదంటే మధ్యవర్తి దగ్గరకు వెళ్లాలి. ఆ మధ్యవర్తిని నియమించేదీ కేంద్రమే. సాధారణంగా కలెక్టర్‌నో, ఆ స్థాయి అధికారినో నియమిస్తారు. అంటే భూమి తీసుకున్నదీ, ధర కట్టిందీ, ఆ ధర న్యాయమో కాదో చెప్పేదీ ప్రభుత్వ యంత్రాంగమే. ఈ కేసుల్లో సెక్షన్ 11 కింద కోర్టు ద్వారా వేరే మధ్యవర్తిని తెచ్చుకోవడం కుదరదని 2019లో సయ్యదాబాద్ టీ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. కేంద్రం నియామకం చేయకుండా నాన్చితే రిట్ వేయవచ్చు.

2013 భూసేకరణ చట్టంతో పోల్చి చూడండి. అక్కడ వివాదం అథారిటీకి వెళ్తుంది. దాని అధికారిని నియమించే ముందు ప్రభుత్వం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలి. రోడ్డు కింద పోయిన భూమికి ఆ పాటి రక్షణ కూడా లేదు.

తీర్పు నచ్చకపోతే మూడు నెలల్లో సెక్షన్ 34 కింద జిల్లా కోర్టుకు వెళ్లాలి. తగిన కారణం చూపితే మరో 30 రోజులు దొరుకుతాయి, అంతకు మించి లేదు. ఆ సెక్షన్ కింద కోర్టు తీర్పును కొట్టేయగలదే గానీ పరిహారం పెంచలేదని 2021లో హకీం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025లో రాజ్యాంగ ధర్మాసనం సవరణకు కొంత చోటిచ్చినా అది పరిమితమే. కాబట్టి మన వాదనంతా మధ్యవర్తి ముందే పెట్టాలి.

మనం చేయాల్సింది

డి-పట్టా భూమికి తక్కువే వస్తుందంటే నమ్మొద్దు. అసైన్డ్ భూమికీ పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. రహదారి భూములకూ సొలేషియం, వడ్డీ ఇవ్వాల్సిందేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం ఉత్తర్వు నకలు, డి-పట్టా, అడంగల్, చుట్టుపక్కల భూముల రిజిస్టర్డ్ అమ్మకం దస్తావేజులు కలిపి దరఖాస్తు పెట్టాలి. డబ్బు తీసుకున్నా అభ్యంతరంతోనే తీసుకుంటున్నామని రాసివ్వాలి.

లాయరు ఖర్చుకు వెనకాడొద్దు. 1987 న్యాయసేవల చట్టం సెక్షన్ 12 కింద ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. దగ్గర్లోని కోర్టులో న్యాయసేవా సంస్థ ఎక్కడని అడగండి.

మధ్యవర్తి నియామకంలో భూమి పోయినవాడికీ మాట ఉండాలన్నది మన డిమాండ్. అది సాధించేదాకా, ఉన్న గడువుల్లో ఒక్కటీ చేజార్చుకోకూడదు.