ఇంటిలో నెన్ని ఓట్లు?



స్త్రీవాదమను మాట మీలో ననేకులకు రుచింపదని నేనెఱుగుదును. కొంతకాలము క్రిందటి వఱకు నాకును రుచింపలేదు. అది పట్టణములలో పుట్టి పట్టణములలోనే చెల్లు నాణెమనియు, మన గ్రామములతో దానికి పని లేదనియు తలచుచుంటిని. నేను సంస్కృతాంధ్రములు గురుముఖమున చదువుకొని, ముప్పది మూడేండ్లు నల్లగొండ జిల్లా బడులలో తెలుగు చెప్పి, ఉద్యోగవిరమణానంతరము హైదరాబాదున పంజగుట్టలో కుమార్తె యింట నివసించుచున్నవాడను. ఆ మాట యొక్క అర్థము నాకు 2024 వ సంవత్సరపు ఎన్నికల దినములలో మా వాకిటనే తెలిసినది.

ముందుగా నా నిరాశను గూర్చి చెప్పవలయును. 1985 లో రాజ్యాంగమునకు 52 వ సవరణ జరిగి పార్టీ ఫిరాయింపులను నిషేధించినప్పుడు నేను ఉద్యోగమున చేరి రెండేండ్లే యైనది. ఒక గుర్తుపై గెలిచి ఆ గుర్తును విడిచినవాడు పదవిని కూడ విడువవలసినదే యని పిల్లలకు ఎంతో సంతోషముతో బోధించితిని. చట్టములో నొక సందు గలదని పిమ్మట తెలిసినది. ఒక పక్షములోని శాసనసభ్యులు మూడింట రెండు వంతుల మంది కలిసి మఱియొక పక్షమున విలీనమైతిమన్నచో ఆ నిషేధము వారికి వర్తింపదు. 2018 డిసెంబరు ఎన్నికలలో తెలంగాణమున ప్రతిపక్షముగా గెలిచిన 19 మందిలో 12 మంది 2019 జూన్ మాసమున పాలకపక్షములో విలీనమైరి. 2023 లో ప్రభుత్వము మాఱినది. 2024 లో ప్రవాహము దిక్కు మార్చుకొని, ఓడిన పక్షము సభ్యులు ఒక్కొక్కరుగా క్రొత్త పాలకుల చెంత చేరిరి. నాకు పక్షముల పట్టింపు లేదు. అందఱును ఒకే బడిలో చదివినవారివలె నుండిరి. మన ఓటు మనము వేసిన చోట నిలువనప్పుడు దానిని వేయుటయేల యని నాకు తోచెను. మే 13 వ తేదీన జరుగనున్న లోక్‌సభ ఎన్నికలో ఓటు వేయరాదని నిశ్చయించుకొంటిని.

మా పంజగుట్ట శాసనసభ ఎన్నికలలో ఖైరతాబాదు నియోజకవర్గము క్రిందికి వచ్చును. నాలుగడుగులు నడిచినచో అమీరుపేట. అది సనత్‌నగరు క్రిందిది. లోక్‌సభకు మాత్రము రెండును సికింద్రాబాదులోనివే. అమీరుపేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల కంప్యూటరు విద్య నేర్పు సంస్థల పలకలు ఒకదానిపై నొకటి గోడలను కప్పివేసియుండును. రెండు రాష్ట్రముల పల్లెల నుండి యువతీయువకులు వచ్చి, ఇరుకు వసతిగృహములలో నొక్క మంచమంత చోటు అద్దెకు తీసికొని, ఉద్యోగము దొరకువఱకు చదువుచుందురు. అట్టి వసతిగృహము నుండి నొక బాలిక మా మనుమరాలికి లెక్కలు చెప్పుటకు వచ్చుచుండెను. ఖమ్మము జిల్లా రైతుబిడ్డ. ఆమె సంగతి మరల చెప్పెదను.

ఎన్నికకు వారము దినముల ముందు మా సందులోనికి ఒకడు చిన్న పుస్తకము పట్టుకొని వచ్చెను. ఏ పక్షమువాడో చెప్పను. ఏ పక్షమున నైనను అట్టివారుందురు. నేను వరండాలో కూర్చుండియుంటిని. "పెద్దాయనా, ఇంట్లో ఎన్ని ఓట్లు?" అని యడిగెను. నేను అలవాటు చొప్పున "నాలుగు" అంటిని. అతడు వ్రాసికొనబోవుచుండగా లోపలి నుండి నా ధర్మపత్ని కంఠము వినబడెను: "ఆయనది ఒక్కటే నాయనా. మా ఓట్లు మమ్మల్ని అడుగు."

అతడు నవ్వి వెడలిపోయెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. వివాహమైన నాటి నుండి ప్రతి ఎన్నికలోను ఏ గుర్తుపై వేయవలయునో ఆమెకు నేనే చెప్పుచుంటిని. ఆమె వేసెననియే నమ్ముచుంటిని. ఆమె అభిప్రాయమేమని ఒక్కనాడును అడిగి యెఱుగను.

ఆ రాత్రి నాకు సభాపర్వము జ్ఞప్తికి వచ్చినది. నన్నయగారు తెనిగించిన ఆ ఘట్టమును తరగతిలో ఎన్ని మాఱులు చెప్పితినో లెక్క లేదు. ద్యూతమున తనను తాను పోగొట్టుకొనిన వానికి భార్యను పణముగా నొడ్డు అధికారము మిగిలియుండునా యని ద్రౌపది సభను ప్రశ్నించినది. భీష్మాదులు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనిరి. నేను దుశ్శాసనుని దుర్మార్గమును, భీముని ప్రతిజ్ఞను విపులముగా వర్ణించి, ఆ ప్రశ్నను వ్యాకరణ విశేషములతో దాటవేయుచుంటిని. పుస్తకము పట్టుకొని వచ్చినవాడు నన్నడిగినదేమి? తన ఓటును అమ్ముకొనిన గృహస్థుడు ఆలి ఓటును, తల్లి ఓటును, బిడ్డల ఓట్లను గూడ కలిపి లెక్క చెప్పునని వాని నమ్మకము. వాని వ్యాపారమంతయు ఆ నమ్మకము మీదనే నడచుచున్నది.

ఇది నేటి మాట కాదు. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలకు ఓటరుల పట్టికలు సిద్ధము చేయునప్పుడు ఉత్తరదేశమున ననేక స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానివాని భార్యను, ఫలానివాని తల్లిని అని మాత్రమే వ్రాయించుకొనిరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు పేరు లేనిదే ఓటు లేదని పట్టుబట్టిరి. తత్ఫలితముగా సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు పట్టికలలో లేకుండ పోయినవి. ఆ ఎన్నికలలోనే మన హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఆరుట్ల కమలాదేవిగారు ఆలేరు నుండియు, సంగెం లక్ష్మీబాయిగారు బాన్సువాడ నుండియు, మాసూమా బేగముగారు శాలిబండ నుండియు ఎన్నికైరి. ఒక వంక స్త్రీ శాసనసభ్యురాలు. ఒక వంక పేరు చెప్పుకొనలేని స్త్రీ. రెండును ఒకే సంవత్సరమున.

స్త్రీవాదమనగా నేమో నాకు బోధపడినంత వఱకు మీకు చెప్పెదను. ఇంటి పెద్ద ఇంటివారందఱి పక్షమున మాటలాడునని మన మర్యాద. ఆ మర్యాద చాటున కొందఱు మనుష్యులు లెక్కకు రాకుండ పోవుచున్నారని, వారిని వారి వారి పేర్లతో లెక్కింపవలయునని చెప్పునదియే స్త్రీవాదము. ఓటులోనే కాదు, ఆస్తిలో, కూలిలో, చదువులో, గ్రామసభలో, భోజనపు వరుసలో గూడ. హైదరాబాదున స్త్రీశక్తి సంఘటన యను సంస్థవారు తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొనిన స్త్రీలను కలిసి, వారి మాటలను సేకరించి, 1986 లో "మనకు తెలియని మన చరిత్ర" యను గ్రంథముగా ప్రకటించిరి. రాజ్యమునే ఎదిరించిన ఆ స్త్రీలలో పలువురకు పోరాటము ముగిసిన పిదప ఇంటికి పోయి వంట చూచుకొమ్మను మాటయే దక్కినది. ఇంత గొప్ప రాజకీయము గూడ గడప దగ్గఱ ఆగిపోయినప్పుడు, మన పార్టీల సంగతి వేఱుగా చెప్పవలెనా?

మీ గ్రామములలో దీనిని మీరు నాకంటె నెక్కువగా చూచియుందురు. 1993 లో అమలునకు వచ్చిన 73 వ సవరణ పంచాయతీలలో మూడవవంతు స్థానములను స్త్రీలకు కేటాయించినది. తెలంగాణమున అవి సగమైనవి. ఐనను సర్పంచిగారు అన్నచో పలుచోట్ల ఆమె భర్తయే పలుకును. నేను పనిచేసిన ఒక గ్రామమున సర్పంచమ్మ రెండేండ్లు సంతకములు మాత్రము పెట్టినది. మూడవయేట ఒకనాడు గ్రామసభకు ముందుగా వచ్చి, భర్త కూర్చుండు కుర్చీలో తాను కూర్చుండెను. అతడు కాసేపు నిలుచుండి వెలుపలికి పోయెను. ఆ సంవత్సరముననే ఊరికి మంచినీటి గొట్టము వచ్చినది. పై సభల సంగతి యింకను మందము: 2014 లో ఏర్పడిన తొలి తెలంగాణ మంత్రివర్గమున 2018 వఱకు ఒక్క స్త్రీయును లేదు, 2023 లో 119 శాసనసభ స్థానములకు పది మంది స్త్రీలు గెలిచిరి.

ఇక నా తప్పు. నేను 2008 లో మా పిత్రార్జితమును నా కుమారులిరువురకు పంచితిని. మన రాష్ట్రమున 1985 నుండి కుమార్తెకు కొమారునితో సమముగా వాటా కలదు. 2005 లో దేశమంతటికిని ఆ చట్టము వచ్చినది. తెలియక చేసితినని చెప్పుకొనుటకు వీలు లేదు. కట్నమిచ్చితిమి గదా యని సరిపెట్టుకొంటిని. ఇప్పుడు నాకు అన్నము పెట్టుచున్నది ఆ కుమార్తెయే. ఆమె ఒక్క మాట అనలేదు. అందువలననే నాకు మఱింత బరువైనది. నా స్వార్జితమైన రెండెకరములను ఆమె పేర పట్టా చేయించుటకు తిరుగుచున్నాను. కుమారులు నాతో మాటలాడుట తగ్గించిరి.

ఆ ఖమ్మము బాలిక మే 10 వ తేదీ సాయంకాలము పాఠము చెప్పుచుండగా తండ్రి ఫోను చేసెను. గుర్తు చెప్పుచున్నాడని ఆమె మాటలను బట్టి తెలియుచుండెను. "నా ఓటుకు పైసలు నువ్వు తీసుకున్నవా నాన్నా? తిరిగి ఇచ్చెయ్యి. నేనే వచ్చి ఏస్త" అని ఫోను పెట్టివేసినది. మరునాడు ఊరికి బయలుదేరెను. ఆంధ్రప్రదేశమున గూడ ఆ దినముననే ఎన్నికలు కావున బస్సులన్నియు క్రిక్కిఱిసి పోవుచుండెను. 2023 డిసెంబరు నుండి మన రాష్ట్రమున స్త్రీలకు ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కలదు. ఉచితములను గూర్చి నాకు వేఱభిప్రాయమున్నది, దానిని వేఱొకమాఱు చెప్పెదను. కాని ఆ బాలిక తండ్రిని చార్జీ అడుగవలసిన పని లేకుండ బయలుదేరుటను కన్నులార చూచితిని. అంత దూరము నిలుచుండియే పోయినదట.

సోమవారము ఉదయము ఎండ ముదురకముందే నా ధర్మపత్ని కుమార్తెతో గూడ వెళ్లి ఓటు వేసి వచ్చినది. నన్ను రమ్మని పిలువలేదు. సికింద్రాబాదులో సగము మంది గూడ ఓటు వేయని ఎన్నిక అది. ఆ సగములో నేనును ఒకడనై యుండవలసినది. మధ్యాహ్నమంతయు ఆమె ఎడమచేతి వ్రేలిపై సిరా చుక్క నా కన్నుల యెదుట కదలుచుండెను. సాయంకాలము నాలుగు గంటలకు కండువా వేసికొని బయలుదేరితిని.

పోలింగు కేంద్రమున గుమాస్తా పట్టికలో నా పేరు వెదకుచుండగా దాని ప్రక్కనే ఆమె పేరును, దాని మీద గీతయు చూచితిని. ఆమె పేరు అచ్చులో చూచుట నాకదియే మొదటిసారి కాదు. అయినను ఆనాడు చదివితిని.

ఇంటికి వచ్చి, "ఎవరికి వేసితివి?" అని యడిగితిని. బియ్యములో రాళ్లు ఏఱుచున్నది. తల యెత్తలేదు. "మీరు ఎవరికి వేశారో నేనడిగానా?" అన్నది.