నకిలీ ఏపీకే

ఆండ్రాయిడ్ యాప్‌ను మొబైల్‌లో వేసుకునే ఫైలే ఏపీకే. దీన్ని అధికారిక యాప్ స్టోర్ బయటి నుంచి కూడా వేసుకోవచ్చు. మలేసియాలో బ్యాంకు ఖాతాలు కొల్లగొట్టే ముఠాలకు నకిలీ ఏపీకే ఒక ఆయుధమైంది. ఇల్లు శుభ్రం చేసే సేవల పేరుతో ఫేస్‌బుక్‌లో ప్రకటన వస్తుంది. నొక్కితే యాప్ వేసుకోమంటుంది. చెల్లింపు పేజీలో బ్యాంకు పాస్‌వర్డ్ ఇవ్వగానే అది దొంగల చేతికి చేరుతుంది. తర్వాత వచ్చే ఓటీపీ సందేశాన్నీ ఆ యాప్ వారికి పంపేస్తుంది. మేబ్యాంక్, సీఐఎంబీ సహా 8 మలేసియా బ్యాంకుల ఖాతాదారులపై ఇలాంటి దాడులను సైబర్ భద్రతా సంస్థ ఈసెట్ 2022 ఏప్రిల్‌లో బయటపెట్టింది.

అసలైన వైరస్ ఇతర ఫైళ్లకు అంటుకొని తనను తాను పెంచుకుంటుంది. వార్మ్ నెట్‌వర్క్‌లో సొంతంగా పాకుతుంది. నకిలీ ఏపీకే ట్రోజన్ జాతిది. మనిషి నమ్మి తెరిస్తేనే లోపలికొస్తుంది. అందుకే దీన్ని ఆపడంలో మనిషి జాగ్రత్తే కీలకం.

యాంటీవైరస్ తెలిసిన కోడ్ ఆనవాళ్లతో ఫైలును పోల్చి చూస్తుంది. కొత్త రకాలను మాత్రం ఎక్కువగా ప్రవర్తనను బట్టి పట్టాలి. ఇల్లు శుభ్రం చేసే సేవ యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఎందుకు? అన్నిటికంటే స్పష్టమైన హెచ్చరిక ఇదే.

2022 సెప్టెంబరులో మలేసియా కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ నెగారా మలేసియా ఎస్సెమ్మెస్ ఓటీపీలను వదిలి మరింత భద్రమైన ధ్రువీకరణకు మారాలని బ్యాంకులను ఆదేశించింది. మలేసియాలో ఇలా డబ్బు పోయినవారు వెంటనే మోసాల ఫిర్యాదు నంబరు 997కు ఫోన్ చేయాలి.