అతిథి పాత్రలో అమ్మ!

పిల్లి ఎదురైతే పని చెడుతుందని పెద్దవాళ్ళ నమ్మకం. మరి పిల్లికి మనం ఎదురైతే? డొక్కలు అంటుకుపోయి, కళ్ళకు పుసి కట్టి, అరిచే ఓపిక కూడా లేని పిల్లికూనకు మనం శుభశకునమా, అపశకునమా? జవాబు మన చేతుల్లోనే ఉంది!

మిర్యాలగూడ రైసుమిల్లుల ఊరు. వడ్లున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లులు... ఇది సృష్టి రాసిన స్క్రీన్‌ప్లే! గోనెసంచుల సందుల్లో తల్లిపిల్లి పిల్లల్ని పెడుతుంది. బస్తాలు కదిలిన రోజు ఆ కాపురం చెదిరిపోతుంది.

సినిమావాళ్ళకేం సంబంధం?

ఎందుకు లేదూ! 'శివ' (1989) నాయిక అమల 1992లో హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ ప్రారంభించారు. మద్రాసులో 1959లోనే కెప్టెన్ వి. సుందరం మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఈ బాటలో ముందు నడిచింది. అయితే ఎంత మంచి సంరక్షణశాలైనా పాలుతాగే కూనకు ఇల్లు కాదు. పది జంతువులున్నచోట అంటురోగాల భయం. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, అర్ధరాత్రి కూడా! అందుకే 'ఫాస్టరింగ్' పద్ధతి వచ్చింది. అంటే బలం పుంజుకునేదాకా మన ఇంట్లో ఉంచుకుని, తర్వాత మంచి ఇంటికి అప్పగించడం. సినిమా భాషలో చెప్పాలంటే అమ్మ వేషం మనదే, కానీ అతిథి పాత్ర!

కలెక్షన్ల పుస్తకం

మిర్యాలగూడలో ఓ డిగ్రీ విద్యార్థిని ఈ పాత్ర పోషించింది. మిల్లులో దొరికిన మూడు కూనల్ని అట్టపెట్టెలో ఇంటికి తెచ్చింది. "ఇంట్ల పిల్లులేంది బిడ్డా, నీ సదువు సూసుకో" అని తల్లి కసిరింది. వారం తిరక్కముందే ఆ తల్లే తెల్లవారుజామున లేచి నీళ్ళు కాచి ఇవ్వసాగింది!

ఆ అమ్మాయి దగ్గర ఓ నోటుబుక్కు ఉంది. రోజూ ఒకే వేళకు వంటింటి త్రాసుమీద తూచి రాసిన అంకెలు. సినిమా విడుదలయ్యాక మనం కలెక్షన్లు చూసుకోమూ, అలాగన్నమాట! ఒకదాని పేజీలో 210, 221, 233 గ్రాములు. ఇంకోదాని పేజీలో 190, 190, 184... ఆ తర్వాత ఖాళీ.

"డాక్టర్ దగ్గరికి ఉరికినం అన్నా. అయినా దక్కలే. పొద్దుగాల మిగిలిన రెండూ ఆకలని అరుస్తుంటే ఏడ్వనీకి కూడ టైము దొరకలే" అందామె.

ఆ అంకెలు చెప్పేదేమిటి? పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములు. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. నెలకు సుమారు 450, రెండు నెలలకు 900. పెరుగుదల ఆగితే హెచ్చరిక, తగ్గితే తక్షణం పశువైద్యుడు!

ఇవి మరవకండి

కూన ఒంటరిగా కనబడగానే ఎత్తుకురావద్దు. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని ఊరికే అనలేదు. కూన వెచ్చగా, బొజ్జ నిండుగా ఉంటే దూరంగా నిలబడి చూడండి, తల్లి రావచ్చు.

ఒళ్ళు చల్లబడ్డ కూనకు పాలు పట్టకూడదు. ముందు గుడ్డ చుట్టిన వేణ్ణీళ్ళ సీసాతో వెచ్చబరచాలి. ఆవుపాలు, గేదెపాలు విరేచనాలు తెస్తాయి. పిల్లికూనల పాలపొడి వేరే దొరుకుతుంది. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టారో, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి! బోర్లా ఉంచే పట్టాలి. మూడు వారాల్లోపు కూనకు పాలు పట్టాక తడి దూదితో కింద మెల్లగా రుద్దితేనే ఒంటికి, దొడ్డికి వస్తుంది. తల్లి నాకి చేసే పని అదే.

బక్కచిక్కిన పెద్ద పిల్లి దొరికిందా? జాలిపడి ఒకేసారి గిన్నెడు పెట్టకండి. చాలాకాలం పస్తున్న ఒంటికి హఠాత్తుగా విందు ప్రమాదం. కొంచెం కొంచెంగా, రోజుకు నాలుగైదుసార్లు. ఉప్పూకారం లేని, ఎముక తీసిన ఉడికిన కోడిమాంసం మేలు. పెరుగన్నంతో పిల్లి బతకలేదు, దానికి మాంసంలోని టౌరిన్ కావాలి. ఉల్లి, వెల్లుల్లి వద్దు. పారాసిటమాల్ అయితే విషమే!

కరిచినా, రక్కినా 15 నిమిషాలు సబ్బుతో ధారకింద కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. నిర్లక్ష్యం పనికిరాదు.

విలన్ ఒళ్ళో

'గాడ్‌ఫాదర్' (1972)లో మార్లన్ బ్రాండో నిమిరే పిల్లి గుర్తుందా? అది స్టూడియోలో తిరుగుతున్న వీధిపిల్లి. దర్శకుడు కొప్పొలా తెచ్చి ఒళ్ళో పెడితే హాయిగా గురగురలాడి, డైలాగుల్నే మింగేసిందట! ఒక్క ఒడి దొరికితే వీధిపిల్లి ఏ స్థాయికి ఎదుగుతుందో చూశారా?

అప్పగింతలే ఈ కథలో అసలు క్లైమాక్స్. రెండు నెలలు కంటిరెప్పలా చూసుకున్నదాన్ని వేరే ఇంటికి పంపాలి. మనసొప్పదు. కానీ అది వెళితేనే పెట్టె ఖాళీ అవుతుంది, మిల్లులో అరుస్తున్న ఇంకో కూనకు చోటు దొరుకుతుంది. టీకాలు వేయించి, ఐదారు నెలలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తామని మాట తీసుకుని మరీ పంపండి.

ఈ చిత్రానికి పోస్టర్లుండవు, శతదినోత్సవాలుండవు. త్రాసుమీద 10 గ్రాములు పెరిగిన ఉదయమే దీనికి రజతోత్సవం!