సన్న వెలుతురు లెక్క

2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు వాగు పొంగింది. ఎగువన కొండపల్లి శాంతినగర్ దగ్గర కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ నీళ్ళలో ఉన్నాయి. వరదనీటిలో కరెంటు తీగలు ఉంటే ప్రాణాలకే ముప్పు కాబట్టి సరఫరా ఆపేశారు. చివరి గండి పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది.

మేడల మీద చిక్కుకున్న వాళ్ళకు మొదటి రాత్రి సెల్‌ఫోను లైటు ఆదుకుంది. కానీ ఫోను ఛార్జింగు లైటుకే ఖర్చయితే సాయం కోసం పిలిచే దారి మూసుకుపోతుంది. కింది అంతస్తులో ఉన్న ఇన్వర్టరు ఎలాగూ నీళ్ళ పాలే. అలాంటి రాత్రుల్లో మనిషికి కావలసిన వెలుతురు చాలా కొంచెం. నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయో కనిపించాలి. బీపీ బిళ్ళ ఏదో, షుగరు బిళ్ళ ఏదో తెలియాలి. పసిబిడ్డకు పాలు కలపగలగాలి. వెలుగును ల్యూమెన్లలో కొలిస్తే, ఇన్నిటికీ ఒక్క ల్యూమెన్ సరిపోతుంది. కొవ్వొత్తి ఇచ్చే వెలుగు 12 ల్యూమెన్ల పైచిలుకు, అంటే మనకు కావలసింది అందులో పన్నెండో వంతన్నమాట.

మంచి ఎల్ఈడీ టార్చిలైటులో ఒకే ఒక్క లిథియం అయాన్ సెల్లు వేసి 1000 ల్యూమెన్లతో వెలిగిస్తే గంటలో అయిపోతుంది. అదే సెల్లుతో 1 ల్యూమెన్ దగ్గర వెలిగించి వదిలేస్తే నెల రోజులు వెలుగుతుంది. ఈ రెండో సంగతి అమ్మేవాళ్ళు చెప్పరు, కొనేవాళ్ళు అడగరు. వరద ముంచే డెల్టాలో బతికే మనకు అంతకన్నా ముఖ్యమైన లెక్క మరొకటి లేదని నా నమ్మకం.

వెలుతురు తగ్గించుకుని పొదుపు చేయడం మన ఇళ్ళకు కొత్త కాదు. కరెంటు రాని రోజుల్లో పడుకోబోయే ముందు హరికేన్ లాంతరు వత్తి తగ్గించి వసారాలో పెట్టేవాళ్ళు. కిరసనాయిలు మిగిలేది, రాత్రి లేచిన వాళ్ళకు దారి కనిపించేది. వరి పైరు మీద దీపప్పురుగులు ముసిరే రోజుల్లో వత్తి తగ్గిస్తే పురుగుల బెడదా తగ్గేది. లాంతరుకున్న, వత్తి తగ్గించే ఆ చిన్న మర టార్చిలైటుకు రావడానికి నూరేళ్ళు పట్టింది.

చేతిలో పట్టుకునే గొట్టం లైటుకు న్యూయార్కులో డేవిడ్ మిసెల్ పేరు మీద 1899 జనవరి 10న పేటెంటు దక్కింది. కాన్రాడ్ హ్యూబర్ట్ దాన్ని వ్యాపారంగా మలిచాడు, ఎవర్‌రెడీ పేరు అక్కడ పుట్టింది. అప్పటి బల్బులో కార్బన్ తీగ ఉండేది, సెల్లు బలహీనంగా ఉండేది. నొక్కితే కాసేపు వెలుగు, తర్వాత విశ్రాంతి. టంగ్‌స్టన్ తీగ వచ్చాక గానీ లైటు నిలకడగా వెలగలేదు. మన దేశంలో యూనియన్ కార్బైడ్ కంపెనీ ఎవరెడీ పేరుతో బ్యాటరీలు చేసి, 1958లో లక్నోలో టార్చిలైట్ల ఫ్యాక్టరీ పెట్టింది. 1984లో భోపాల్‌లో విషవాయువు వెలువడిన ఫ్యాక్టరీ కూడా ఆ కంపెనీదే. ఆ సంగతి తలుచుకోకుండా ఈ వస్తువు కథ చెప్పడం నాకు న్యాయం అనిపించదు. తర్వాత మన నెల్లూరులోనే నిప్పో బ్యాటరీలు తయారయ్యాయి.

మూడు బ్యాటరీల లైటు ఇంట్లో ఉన్న వాళ్ళకు రెండు పనులు బాగా గుర్తుంటాయి. ఒకటి, లైటు వాడనప్పుడు ఒక బ్యాటరీని తిరగేసి పెట్టడం. పెట్టెలో ఎక్కడైనా మీట నొక్కుకుపోయినా ఖర్చు కాకుండా ఉండేందుకు అది మంచి ఉపాయం. రెండోది, వెలుగు ఎర్రబడిన బ్యాటరీలను తీసి ఎండలో పెట్టడం. సాయంత్రానికి అవి కొంచెం తేరుకునేవి. వాటిలోకి కొత్తగా ఛార్జింగు ఏమీ ఎక్కదు. జింకు కార్బన్ బ్యాటరీ కరెంటు ఇస్తున్నప్పుడు కార్బన్ కడ్డీ చుట్టూ ఉన్న మాంగనీస్ డయాక్సైడు ముద్దలో రసాయనచర్య సాఫీగా సాగక అడ్డు పేరుకుంటుంది. విశ్రాంతి ఇస్తే అది సర్దుకుంటుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా సర్దుకుంటుంది. ఇదే గుణం వల్ల ఆ బ్యాటరీ నుంచి కరెంటు నెమ్మదిగా తీస్తే మొత్తం మీద ఎక్కువ వస్తుంది, ఒక్కసారిగా లాగితే తక్కువ వస్తుంది.

మరి బల్బు వెలుగు తగ్గించి వాడుకోవచ్చు కదా అంటే, తీగ బల్బుతో అది కుదరదు. తీగ తెల్లగా కాలితేనే వెలుగు. వోల్టేజిని సగం చేస్తే బ్యాటరీ మీద భారం మూడో వంతుకు తగ్గుతుంది గానీ వెలుగు పదో వంతుకు పడిపోతుంది. మిగతాదంతా కంటికి కనిపించని వేడిగా పోతుంది. రెండు బ్యాటరీల లైటులో బల్బు అర ఆంపియరు కరెంటు తాగి ఇచ్చేది పది ల్యూమెన్ల వెలుగు. అందులోంచి ఒక్క ల్యూమెన్ మాత్రమే తీసుకుంటానంటే ఆ పది ల్యూమెన్ల ఖర్చులో మూడో వంతు పెట్టుకోవాల్సిందే.

ఎల్ఈడీ ఈ లెక్కను తలకిందులు చేసింది. 1993లో జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజి నకమురా ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ చేశాడు. దాని మీద పసుపుపచ్చ పూత పూసి 1996లో అదే కంపెనీ తెల్ల ఎల్ఈడీ తెచ్చింది. నీలం ఎల్ఈడీ కోసం కృషి చేసిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. నోకియా 1100 ఫోను 2003లో నెత్తిన చిన్న లైటుతో వచ్చాక, ఎందరో జేబులో టార్చి పెట్టుకుని తిరిగారు.

ఎల్ఈడీలో కాలి మండేదేమీ లేదు. ఎలక్ట్రాన్లు, వాటి కోసం ఖాళీగా ఉన్న చోట్లు కలిసినప్పుడు నేరుగా కాంతి పుడుతుంది. కరెంటు ఎక్కువై అవి కిక్కిరిసిపోతే కొన్ని కలయికలు కాంతినివ్వకుండానే ముగుస్తాయి. పైగా వేడెక్కిన కొద్దీ నష్టం పెరుగుతుంది. కరెంటు తగ్గిస్తే ఆ రద్దీ పోతుంది, వేడి పోతుంది, ఎల్ఈడీకి కావలసిన వోల్టేజి కూడా 3 వోల్టుల పైనుంచి 2.7 దాకా దిగుతుంది. అంటే సన్నగా వెలుగుతున్నప్పుడే ఎల్ఈడీ పొదుపుగా పని చేస్తుంది. మరీ అట్టడుగుకు తెస్తే మాత్రం స్ఫటికంలోని లోపాలు ఉన్న కాస్త కరెంటునూ మింగడం మొదలుపెడతాయి.

అంకెల్లో చూద్దాం. సెల్లు సామర్థ్యం 3000 మిల్లీ ఆంపియర్ అవర్లు అనుకోండి. 1 ల్యూమెన్ వెలుగుకు మంచి ఎల్ఈడీ సుమారు 3 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అంటే 1000 గంటలు రావాలి. కానీ టార్చిలో ఎల్ఈడీ ఒక్కటే లేదు. కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూటు ఉంది, అది కూడా తినాలి. దాని తిండి 1 మిల్లీ ఆంపియరు అనుకుంటే మొత్తం 4 అవుతుంది, సెల్లు 750 గంటలు వస్తుంది, అంటే 31 రోజులు. వెలుగును పదో వంతు చేసి 0.1 ల్యూమెన్‌కు తెస్తే ఎల్ఈడీ ఖర్చు 0.3కు దిగుతుంది, సర్క్యూటుది మాత్రం 1 అలాగే ఉంటుంది. 96 రోజులు వస్తుంది. ఇంకా పదో వంతు చేసి 0.01కు తెస్తే 121 రోజులు. వెలుగు నూరు రెట్లు తగ్గితే కాలం నాలుగు రెట్లే పెరిగింది. ఆ అట్టడుగు మెట్టు మీద బ్యాటరీలో ఎక్కువ భాగం వెలుగుకు కాక సర్క్యూటుకే పోతోంది. దానికి తోడు లిథియం సెల్లు ఊరికే ఉన్నా నెలకు ఒకటి రెండు శాతం తరిగిపోతుంది.

అందుకే సన్న వెలుతురులో టార్చి ఎన్నాళ్ళు వస్తుందనేది ఎల్ఈడీ కన్నా సర్క్యూటు చేసినవాడి శ్రద్ధ మీద ఆధారపడుతుంది. చవక టార్చిలు వెలుగు తగ్గించడానికి ఎల్ఈడీని పూర్తి కరెంటుతోనే సెకనుకు వందలసార్లు వెలిగించి ఆర్పుతాయి. కంటికి వెలుగు తగ్గినట్టే ఉంటుంది గానీ, తక్కువ కరెంటుతో వచ్చే పొదుపు మాత్రం దక్కదు. చీకట్లో టార్చి ముఖం మన వైపు తిప్పి చేతిని అటూ ఇటూ వేగంగా ఊపితే గుట్టు బయటపడుతుంది. వెలుగు తెగని గీతలా కాకుండా చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది ఈ పద్ధతే.

తోపుడుబళ్ళ మీద అమ్మే రీఛార్జి టార్చిల్లో చాలావాటికి 4 వోల్టుల సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అది ఖాళీ అయ్యాక అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి, మళ్ళీ ఛార్జింగు పట్టదు. ఏడాదంతా అలమరలో మరిచిపోయిన టార్చి వరద రోజున వెలగకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. మంచి ఆల్కలైన్ పెన్సిల్ సెళ్ళు అలా మోసం చేయవు, ఏడాదికి రెండు మూడు శాతమే తరుగుతాయి. కారిపోకుండా వాటిని టార్చిలోంచి తీసి విడిగా ఉంచాలి, అంతే.

ఒక్క ల్యూమెన్‌తో నిజంగా కనిపిస్తుందా అని అనుమానం రావచ్చు. నాలుగు చదరపు మీటర్ల నేల మీద 1 ల్యూమెన్ పరిస్తే అది నడినెత్తికి వచ్చిన నిండు పున్నమి వెన్నెలకు దాదాపు సమానం. కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే అరగంట కావాలి. ఒక్కసారి పెద్ద లైటు కంట్లో పడితే ఆ అరగంట మళ్ళీ మొదటికొస్తుంది. టార్చిని పైకప్పు వైపు పెట్టి సన్నగా వెలిగిస్తే గదంతా సమంగా పరుచుకుంటుంది, కళ్ళకు ఇబ్బంది ఉండదు.

అయితే అన్ని పనులకూ ఇది పనికిరాదని కూడా చెప్పాలి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగి, వ్యవహారం మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి ఆలయంలో సర్పశాంతి యాగం దాకా వెళ్ళింది. రాత్రి వరి గట్టు మీద నడిచే రైతుకు కాళ్ళ ముందు గట్టి వెలుగు ఉండి తీరాలి, అక్కడ పొదుపు ప్రమాదం. కైకలూరు చేపల చెరువుల మీద కాపలా మనిషి పని వేరు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలుతున్నాయేమో చూడడానికి పెద్ద లైటు కావాలి, గుడిసెలో కూర్చున్న మిగతా రాత్రంతటికీ సన్న వెలుతురు చాలు. ఈ రెండూ ఒకే టార్చిలో ఉండాలని అతను కోరుకోవడం న్యాయమే.

2009లో అమెరికాలో ఎఫ్ఎల్-1 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం, వెలిగించిన 30 సెకన్ల తర్వాత ఉన్న వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా పట్టే కాలమే టార్చి నడిచిన కాలం. ఇందులో చిన్న సందు ఉంది. 1000 ల్యూమెన్లతో మొదలై మూడు నిమిషాల్లో 120కి దిగి, గంటల తరబడి అక్కడే ఉన్న టార్చి కూడా డబ్బా మీద 1000 అంకెనూ గంటల అంకెనూ పక్కపక్కనే వేసుకోవచ్చు. మన తయారీదారులకు నా విన్నపం ఒక్కటే. అన్నిటికన్నా తక్కువ వెలుగు ఎన్ని ల్యూమెన్లో, ఆ వెలుగులో బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందో డబ్బా మీద తెలుగులో వేయండి.

అది జరిగేదాకా మన జాగ్రత్త మనది. మనకు పెద్ద తుపాన్ల కాలం అక్టోబరు, నవంబరు. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. సెప్టెంబరులోనే ఒకనాటి సాయంత్రం ఇంట్లో టార్చిని అన్నిటికన్నా తక్కువ వెలుగులో పెట్టి, ఎన్నాళ్ళు వెలిగిందో కాగితం మీద రాసుకోండి. మూడు రాత్రులు నిలవకపోతే ఆ టార్చిని నమ్ముకోవద్దు. నిలిస్తే కొత్త సెళ్ళు ఒక జత కొని, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఇంట్లో అన్నిటికన్నా ఎత్తయిన అటక మీద పెట్టండి.